కోలార్ గనుల్లో కణాల వేట
ఆదివారం బెంగళూరులో డార్క్ మేటర్ (కంటికి కనబడక, గురుత్వాకర్షణతోనే ఉనికి తెలిసే పదార్థం) మీద ఉపన్యాసం విన్నాను. మనసింకా అక్కడే ఉంది. అమెరికాలోని సౌత్ డకోటాలో, ఒకప్పటి బంగారు గనిలో, దాదాపు 1.5 కిలోమీటర్ల లోతున, డార్క్ మేటర్ కణాలను వెతికే ఎల్‌జెడ్ అనే ప్రయోగం నడుస్తోంది. అందులో జినాన్ అనే వాయువు 10 టన్నులు ద్రవరూపంలో ఉంటుంది. ఏదైనా కణం తగిలితే ఓ చిన్న మెరుపు, విడిపోయిన ఎలక్ట్రాన్లు పైకి చేరాక ఇంకో మెరుపు. ఆ రెంటినీ బట్టి ఎక్కడ తగిలిందో లెక్క కడతారు. డార్క్ మేటర్ ఇంకా చిక్కలేదు. అయినా ఎన్నో దేశాల వాళ్లు కలిసి ఓపిగ్గా వెతుకుతున్నారంటే దండం పెట్టాలనిపించింది.

ఒళ్లు పులకరించింది మాత్రం కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల మాట వచ్చినప్పుడే. మనకింత దగ్గరున్న ఆ గనుల్లోనే 1965లో భారత్, జపాన్, బ్రిటన్ శాస్త్రవేత్తలు కలిసి వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల (దేన్నీ దాదాపు తాకకుండా దూసుకుపోయే అతి చిన్న కణాల) జాడ పట్టారు! 2001లో గనులు మూతపడ్డాయి. ఈ సంగతి మన పిల్లల పాఠాల్లో ఎందుకు లేదండీ?