హై పవర్ లేజర్‌కి గ్యాస్ లెన్స్: గొట్టం, వేడి, వేగం

పవర్ పెంచేకొద్దీ ముందు మొరాయించేది గాజు లెన్సే. కాంతిని కొద్దిగా పీల్చుకున్నా వేడెక్కి ఫోకస్ చోటు మారిపోతుంది. పల్స్ మరీ బలమైనదైతే పైపూత లేచిపోతుంది. గాలినే లెన్స్‌గా వాడే గ్యాస్ లెన్స్‌కి ఆ బెడద తక్కువ, పాడవడానికి అక్కడ ఉపరితలమే లేదు. 1964లోనే అమెరికా టెలిఫోన్ పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్‌లో దీని మీద పని జరిగింది, కాకపోతే అప్పటి గురి లేజర్ కాంతిని దూరాలకు చేరవేయడం.

వేడి గొట్టంలోకి చల్లగాలి పంపితే నడుమ గాలి చిక్కగా, గోడ దగ్గర పలచగా ఉంటుంది. నడుమ వక్రీభవన గుణకం (కాంతిని వంచే గుణానికి కొలత) ఎక్కువ కాబట్టి లేజర్ పుంజం లోపలికి వంగుతుంది. లెక్క చిన్నదే: గుణకం తేడాని పొడవుతో గుణించి, రెట్టింపు చేసి, దానితో వ్యాసార్ధం వర్గాన్ని భాగిస్తే నాభ్యంతరం, అంటే లెన్స్ నుంచి ఫోకస్‌కి ఉన్న దూరం. 10 మి.మీ. వ్యాసార్ధం, 1 మీటరు పొడవు, నడుమకీ అంచుకీ సగటున 30 డిగ్రీల తేడా ఉంటే గుణకం తేడా సుమారు 0.000025, నాభ్యంతరం 2 మీటర్లు. వ్యాసం రెట్టింపు చేస్తే అది 8 మీటర్లవుతుంది. పొట్టి ఫోకస్ కావాలంటే ఇది మీకు పనికిరాదు.

అసలు తంటా గాలి వేగంతో. ఈ గొట్టంలో సెకనుకి 1.5 మీటర్లు దాటితే ప్రవాహం కల్లోలంగా మారే హద్దుకి చేరినట్టే, పుంజం పడే చోట కాంతి మచ్చ వణుకుతుంది. మరీ నెమ్మదిస్తే, దాదాపు సెకనులోనే గోడ వేడి నడుమకి పాకి తేడా చెరిగిపోతుంది. అందుకే గొట్టం ఊరికే పొడిగించి లాభం లేదు.

గొట్టాన్ని అడ్డంగా పెడితే చల్లగాలి అడుక్కి దిగుతుంది, పుంజం కిందికి జారుతుంది. విరుగుడు గొట్టాన్ని దాని అక్షం మీద తిప్పడం. అప్పుడు గోడ పక్క వేడిగాలి రెండు కొసల నుంచీ బయటికి పోతుంది, చల్లగాలి నడుమ నుంచి తనంతట తానే లోపలికి వస్తుంది. బ్లోయర్ కూడా అక్కర్లేదు. కొసల దగ్గర సుడులు మాత్రం తప్పవు.

పుంజం వెడల్పు గొట్టం వ్యాసంలో సగం దాటనివ్వకండి, అంచున ఫోకస్ చెదిరే వికృతి ఎక్కువ. గోడ ఉష్ణోగ్రత నిలకడగా వచ్చాక ముందు చిన్న హీలియం-నియాన్ లేజర్ (తక్కువ పవర్ ఉండే రకం) పుంజంతో చూడండి: మచ్చ కిందికి దిగితే వేగం చాలలేదు, చెదిరితే ఎక్కువైంది. కార్బన్ డయాక్సైడ్ గుణకం గాలి కన్నా ఎక్కువే, కానీ 10.6 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం ఉన్న లేజర్‌కి వద్దు. ఆ కాంతిని అదే పీల్చుకుంటుంది. దుమ్ము వడగట్టండి, ఫోకస్ దగ్గర ఒక్క రేణువు చాలు గాలి ముందే మెరుపై పేలడానికి.