మేజర్ బయటి కోర్సుల ఎంపిక గురించి

డిగ్రీలో చేరే పిల్లలు మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు విషయంలో ఎంతో ఆలోచిస్తారు; ఇంట్లో పెద్దలను, సీనియర్లను, తెలిసిన లెక్చరర్లను అడిగి మరీ నిర్ణయానికి వస్తారు. మేజర్‌తో నిమిత్తం లేకుండా అందరూ పూర్తి చేయవలసిన కోర్సుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ శ్రద్ధ కనిపించదు. స్నేహితులు ఏది తీసుకుంటే దానికే టిక్కు పెట్టి వచ్చేస్తారు. విశాఖపట్నంలో మా బంధువుల పిల్లలు, ఇరుగుపొరుగు పిల్లలు ఈ ఎంపిక సమయంలో నా దగ్గరికి వస్తుంటారు కాబట్టి, వారికి చెప్పే మాటలనే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా లెక్క తెలియాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 డిసెంబరులో విడుదల చేసిన క్రెడిట్ల (ఒక్కో కోర్సు బరువును కొలిచే పాయింట్ల) విధానం ప్రకారం మూడేళ్ళ డిగ్రీకి 120, నాలుగేళ్ళ ఆనర్స్‌కు 160 క్రెడిట్లు కావాలి. మూడేళ్ళ డిగ్రీలో మేజర్‌కు 60, మైనర్‌కు (రెండవ సబ్జెక్టుకు) 24 పోగా, మల్టీ డిసిప్లినరీ (ఇతర శాస్త్రాలను పరిచయం చేసే) కోర్సులకు 9, భాషలకు 8, స్కిల్ కోర్సులకు 9, పర్యావరణ విద్య వంటి వాల్యూ యాడెడ్ కోర్సులకు 6 నుంచి 8, ఇంటర్న్‌షిప్‌కు 2 నుంచి 4 క్రెడిట్లు కేటాయించారు. విశ్వవిద్యాలయాన్ని బట్టి ఈ పంపకం కొంత మారుతుంది. కాబట్టి ఎవరి రెగ్యులేషన్స్ వారు తెరిచి చూసుకోవడమే సరైన పద్ధతి. మన రాష్ట్రంలో 2023-24 నుంచి సింగిల్ మేజర్ విధానం వచ్చింది. అంతకుముందు బీఎస్సీ ఎంపీసీ విద్యార్థి మూడు సబ్జెక్టులను సమానంగా చదివేవాడు. ఇప్పుడు చదువు ఒక్క సబ్జెక్టు చుట్టూ తిరుగుతోంది కనుక, దాని బయట ఉన్న ఈ కొద్ది కోర్సుల విలువ మునుపటికంటే పెరిగిందని నేను గట్టిగా నమ్ముతాను.

మల్టీ డిసిప్లినరీ కోర్సుల విషయంలో ఒక నియమం ఉంది. తన మేజర్, మైనర్ విభాగాలకు చెంది, ఇంటర్‌లో ఇదివరకే చదివిన కోర్సును విద్యార్థి ఇక్కడ మళ్ళీ తీసుకోకూడదు. పిల్లలకు ఇది అడ్డంకిగా కనిపిస్తుంది గాని, తెలియని దానిలోకి అడుగు పెట్టించడమే ఈ విభాగం ఉద్దేశం.

మా అక్క కూతురు బీకాం విద్యార్థిని. తనకు రెండు కోర్సుల మధ్య సందేహం వచ్చినప్పుడు రెండు సిలబస్‌లనూ ప్రింటు తీయించి పక్కపక్కన పెట్టుకుని యూనిట్ వారీగా చదివాము. వ్యాపార నిర్వహణకు సంబంధించిన మొదటి కోర్సులో సగానికి పైగా విషయాలు తన మేజర్‌లో ఎలాగూ వచ్చేవే. రెండవది భూగర్భశాస్త్ర పరిచయం. అందులో రాళ్ళను గుర్తించడం, తీరప్రాంతపు భూస్వరూపాలు, ఒక క్షేత్ర పర్యటన ఉన్నాయి. "పిన్నీ, ఇది తీసుకుంటే మార్కులు తగ్గుతాయేమో" అంది. "ఎంత తగ్గుతాయో లెక్క వేసి చూడమ్మా" అన్నాను. మూడు క్రెడిట్ల కోర్సులో ఒక గ్రేడ్ పాయింటు తగ్గితే, 120 క్రెడిట్ల మీద సీజీపీఏలో (మొత్తం డిగ్రీ గ్రేడ్ సగటులో) తగ్గేది 0.025 మాత్రమే. ఆ భయంతో ఒక సెమిస్టరు కాలాన్ని తెలిసిన పాఠాలకే ఖర్చు చేయడం నాకు ఎంతమాత్రం సబబుగా తోచదు.

ఆ కోర్సు తీసుకున్నాక తను భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలను చూసే తీరే మారిపోయింది. ఇనుప ఖనిజాలు ఆక్సీకరణం చెందడం వల్ల ఇసుకకు ఆ ఎరుపు వచ్చిందని, సముద్రమట్టం హెచ్చుతగ్గుల చరిత్ర ఆ పొరల్లో నిక్షిప్తమై ఉందని, కైలాసగిరి వంటి మన కొండల్లో కనిపించే రాతిని ఖొండలైట్ అంటారని ఇంటిల్లిపాదికీ వివరించేది. ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్లలకు ఇలాంటి అవకాశాలు చాలా ఉన్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటడాన్ని చూసిన ఊరు ఇది. ఇక్కడి ఆర్ట్స్ విద్యార్థి వాతావరణ శాస్త్రపు మొదటి పాఠాలు చదివితే ఆ రోజు ఏం జరిగిందో అర్థమవుతుంది. కెమిస్ట్రీ విద్యార్థి చరిత్ర కోర్సు తీసుకుంటే తొట్లకొండ, బావికొండ బౌద్ధారామాలు విహారస్థలాలుగా మిగిలిపోవు. చరిత్ర, రాజనీతి చదివేవారు తప్పనిసరిగా స్టాటిస్టిక్స్ వైపు చూడాలని నా అభిప్రాయం. ఎన్నికల సర్వేలనైనా, జనాభా లెక్కలనైనా చదవడానికి అదే ఆధారం.

పర్యావరణ విద్యను పరీక్ష ముందు రోజు చదివి వదిలేసే కోర్సుగా చూడడం నన్ను బాధిస్తుంది. పర్యావరణాన్ని చదువులో తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 1991లో ఆదేశించిన తరువాతే అది దేశమంతటా తరగతి గదుల్లోకి వచ్చింది. పోర్టు, ఉక్కు, చమురుశుద్ధి పరిశ్రమలు ఉన్న ఊరి పిల్లలు గాలి నాణ్యత పాఠాన్ని మరింత శ్రద్ధగా చదవాలి.

కాలేజీలో కావలసిన కోర్సు లేకపోతే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక అయిన ‘స్వయం’ పోర్టల్ ఉంది. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులో 40 శాతం వరకు కోర్సులను దాని ద్వారా చేయవచ్చు. అయితే ఆ కోర్సు క్రెడిట్లను తమ కాలేజీ ఏ విభాగం కింద జమ చేస్తుందో నమోదుకు ముందే కనుక్కుని, ఆ జవాబును రాతపూర్వకంగా తీసుకోవాలి. కోర్సు పూర్తయ్యాక అడిగితే, కష్టపడి సంపాదించిన క్రెడిట్లు అవసరమైన గడిలో పడకుండా పోవచ్చు, చివరి సెమిస్టరులో మరొక కోర్సు అదనంగా చదవవలసి రావచ్చు.