కాణిపాకం మీదుగా తిరుపతికి, హెరాల్డ్‌లో

చిత్తూరు నుంచి తిరుపతికి డెబ్బై కిలోమీటర్లు. ఈపాటి దూరానికి యాత్రానుభవం ఏమిటని మా ఇంట్లోనే నవ్వారు. కానీ వెళ్లింది 1966 మోడల్ స్టాండర్డ్ హెరాల్డ్‌లో. మామిడితోటలో రేకుల షెడ్డు కింద, వెనక సీట్లో కోళ్లు గుడ్లు పెట్టుకుంటుండగా దొరికిన కారు అది. రోడ్డెక్కించడానికి అయిన ఖర్చు రెండు లక్షలు దాటలేదు. కొన్న ధర వేరే లెక్క, అది పాత ఇనుము రేటు కంటే కాస్త ఎక్కువ, అంతే.

మద్రాసు శివార్లలోని వండలూరులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు 1961 నుంచి చేసిన కారు ఇది. రూపం గీసింది ఇటలీ డిజైనర్ జోవన్నీ మికెలోట్టి. ఇంజను 948 సీసీ. దీన్ని స్పోర్ట్స్ కారు అంటే నవ్వేవాళ్లున్నారు, నవ్వుకోనీండి. 1962లో ఇంగ్లండులో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ ఈ హెరాల్డ్ చాసిస్‌ని పొట్టి చేసి కట్టిన బండే. మన దగ్గర మద్రాసు పక్కన షోళవరం రేసుల్లో హెరాల్డులు ఫియట్లతో పోటీపడి పరిగెత్తాయి. జేబులో డబ్బు తక్కువున్నవాడికి ఈ చుట్టరికం చాలా ఉపయోగం. స్పిట్‌ఫైర్ కోసం ఇంగ్లండులో ఇప్పటికీ కొత్త పార్టులు తయారవుతున్నాయి, వాటిలో చాలావరకు మనకూ సరిపోతాయి.

తెల్లారకముందే చిత్తూరులో బయలుదేరాం. పక్క సీట్లో మా బావమరిది, అతని కాళ్ల దగ్గర స్పానర్ల సంచి, రెండు బాటిళ్ల నీళ్లు, ఒక పాత పంచె. పంచె ఎందుకని అడిగితే దారిలో తెలుస్తుందిలే అన్నాను.

మొదట కాణిపాకం. మా జిల్లాలో బండి కొంటే వినాయకుడికి చూపించకుండా తిప్పరు. పొద్దున్నే వచ్చిన కొత్త కార్లన్నీ రిబ్బన్లు, పూలదండలతో వరసగా నిలబడి ఉన్నాయి. వాటి చివర మాది, ఒక తలుపు నీలం, రెండోది ప్రైమర్ బూడిద రంగు. పూజారిగారు బొట్టు ఎక్కడ పెట్టాలా అని బానెట్ అంతా చూశారు.

"కొత్త బండేనా నాయనా?"

"మాకు కొత్తదే స్వామీ."

ఆయన నవ్వి నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. కారు ముందుకు కదిలాక బావమరిది దిగి, నిమ్మకాయల వంక చూడకుండా చక్రాల లోపలివైపు వంగి చూశాడు, బ్రేకు ఆయిలు కారుతోందేమోనని. కారలేదు. నాకు ఆ పూజలో బాగా తృప్తినిచ్చిన క్షణం అదే.

పాత కారు దొరకగానే ముందు టింకరింగ్, పెయింటింగ్‌కి డబ్బు పోసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. మెరిసే కారు ఆగకపోతే ఏం లాభం? మేము మొదటి రూపాయి బ్రేకులకే పెట్టాం. పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్ని చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్ లోపల గీతలు పడి ఉంటే లేత్ షాపులో స్లీవ్, అంటే లోపలికి కొత్త గొట్టం, వేయించాం. చక్రాల సిలిండర్లకు కొత్త రబ్బర్లు, హోస్ పైపులు అన్నీ కొత్తవి, బ్రేకు షూలకు కొత్త లైనింగ్. ఆ తర్వాత టైర్లు. వ్యాగన్ ఆర్‌కి వచ్చే 155/80 ఆర్ 13 సైజు సరిపోయింది కాబట్టి చిత్తూరులోనే దొరికాయి. పెట్రోలు ట్యాంకు దించి తుప్పు కడిగించాం. ఇప్పుడు బంకుల్లో పోసేది ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోలు, అది పాత రబ్బరును తినేస్తుంది. అందుకని ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా గొట్టాలన్నీ మార్చాం. ఇంజను హెడ్డు ఎలాగూ దించాం కాబట్టి సీసం లేని ఇప్పటి పెట్రోలుకు తట్టుకునే గట్టి వాల్వు సీట్లు, అంటే వాల్వులు ఆనే రింగులు, కూడా వేయించాం.

అసలు గొడవ ముందు చక్రాల దగ్గర వచ్చింది. హెరాల్డ్ ముందు చక్రం కింద ట్రనియన్ అని ఒక ఇత్తడి ముక్క ఉంటుంది. చక్రాన్ని మోసే నిలువు ఇనుప కడ్డీ కింది మర దానిలో దిగి ఉంటుంది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ మర మీదే చక్రం తిరుగుతుంది. దానికి పోయాల్సింది గేరు ఆయిలు. మా మెకానిక్ భాయ్ గ్రీజు గన్ను పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"ఆయిలు పోసేదేంది సార్? మా నాయన కాలం నుంచి గ్రీజే కొడతా ఉండాము."

"ఒకసారి విప్పి చూద్దాం భాయ్."

విప్పాం. పాత గ్రీజు ఎండు చింతపండులా మరల మధ్య బిగుసుకుపోయి ఉంది. కింది సగానికి చుక్క తడి చేరలేదు. నీళ్లు మాత్రం చేరాయి. కడ్డీని కిరసనాయిలుతో కడిగితే మర మొదట్లో తుప్పు గుంట, గోరు పెడితే తగిలేంత లోతు. ఇక్కడ విరిగితే చక్రం పక్కకు మడుచుకుపోతుంది, కారు అక్కడే కూలబడుతుంది. భాయ్ కాసేపు దాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పి, గ్రీజు గన్ను తీసుకెళ్లి బీరువాలో పెట్టేశాడు. రెండు వైపులా కొత్త కడ్డీలు, ట్రనియన్లు ఇంగ్లండు నుంచి తెప్పించాం. కస్టమ్స్‌తో కలిపి మొత్తం పనిలో పెద్ద ఖర్చు అదే. పెయింటు డబ్బులు అక్కడికే పోయాయి. అందుకే తలుపులు రెండు రంగులు.

పూతలపట్టు దాటాక రోడ్డు బాగుంది. మామిడికాయల ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల వైపు వరసకట్టి పోతున్నాయి. అరవైలో పోతుంటే కారు హాయిగా ఉంది. మలుపుల్లో మాత్రం జాగ్రత్త, ఇందులో వెనక చక్రాలు స్వింగ్ యాక్సిల్ మీద ఉంటాయి, అంటే ఇరుసు పైకీ కిందికీ ఊగితే చక్రమూ దానితోపాటే వంగుతుంది. వేగంగా తిప్పి మధ్యలో యాక్సిలరేటర్ వదిలేస్తే చక్రం లోపలికి ముడుచుకుని తోక విసురుతుంది. వేగం మలుపుకి ముందే తగ్గించుకోవాలి.

గాదంకి టోల్‌గేట్ క్యూలో ఎండ ఎక్కింది. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. వెనక లారీ హారన్లు, బావమరిది ముఖంలో టెన్షన్. పక్కకు నెట్టి బానెట్ ఎత్తాం. హెరాల్డ్ బానెట్ అంటే మడ్‌గార్డులు, లైట్లతో సహా ముందు భాగమంతా ముందుకు ఒరుగుతుంది. ఇంజను నాలుగు వైపులా బయటపడుతుంది, టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. నిమిషంలో పదిమంది మూగారు. పంచె తడిపి పెట్రోలు పంపుకి చుట్టాను. వేడికి పంపులో పెట్రోలు ఆవిరైతే అది లాగలేదు, చల్లబడితే మళ్లీ పనిచేస్తుంది. ఒక లారీ డ్రైవరు అంబాసిడర్ రోజులు గుర్తొచ్చాయని తన నీళ్ల క్యాను కూడా ఇచ్చి వెళ్లాడు. టీ తాగేలోపు స్టార్టయింది.

చంద్రగిరిలో కోట ముందు ఫోటోకి ఆగాం, అంతే. మ్యూజియం చూసే ఓపిక లేదు.

తిరుపతి ఊళ్లోకి రాగానే ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపాడు. కాగితాల కోసం కాదు, చూద్దామని. ఆపాక కాగితాలూ అడిగాడు. అన్నీ ఉన్నాయి. వాటికి పట్టిన కాలం ఇంజనుకి పట్టలేదు. ఆర్‌సీ చనిపోయిన పెద్దాయన పేరు మీద ఉండింది. యజమాని చనిపోతే వారసుడి పేరుకి మార్చే ఫారం 31 మీద వాళ్లబ్బాయి పేరుకి మారేదాకా నేను డబ్బివ్వలేదు. తర్వాత బండి రిజిస్టరైన తమిళనాడు నుంచి అభ్యంతరం లేదనే ఎన్‌ఓసీ, ఇక్కడ ఫిట్‌నెస్, ఐదేళ్ల రెన్యూవల్. యాభై ఏళ్లు దాటిన బండికి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి, ఫీజు 20,000. కానీ ఆ నంబరుతో ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, రిపేరుకీ తప్ప మామూలుగా తిరగకూడదు. గ్యారేజీలో ముసుగేసి దాచుకోవడానికి కాదు కదా మేము ఇంత కష్టపడింది. మామూలు రెన్యూవలే చేయించాం.

అలిపిరి దాకా వెళ్లి కొండవైపు చూసి బండి తిప్పేశాను. కొండ దిగే దారి 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు, 36 మలుపులు. పాతకాలం డ్రమ్ము బ్రేకులు అంతసేపు పట్టి దింపితే వేడెక్కి పట్టు వదిలేస్తాయి. తిప్పడం మాత్రం దర్జాగా తిప్పాను. పాతిక అడుగుల వెడల్పుంటే చాలు హెరాల్డ్ ఒక్క చుట్టులో తిరుగుతుంది, ఆటోవాళ్లు ఆగి చూశారు. మా పిన్నిగారింట్లో కారు పెట్టి ఆర్టీసీ బస్సులో కొండెక్కి దర్శనం చేసుకున్నాం.

దిగేటప్పుడు బస్సులో బావమరిది అడిగాడు, "వచ్చే నెల హార్స్‌లీ కొండకి పోదామా బావా?"

"ముందు రేడియేటర్ కోరు మార్పించాలి. నువ్వు సగం వేస్తావా?"

"తలుపుకి పెయింటు కొట్టిస్తానంటే వేస్తా."

బేరం ఇంకా తెగలేదు.