ఐత్ బెన్ హద్దూలో ఒక రాత్రి

మొరాకోలో మరాకేష్ నుండి వర్జాజాత్ వెళ్లే బస్సు నన్ను రహదారి చీలే చోట దింపేసరికి మధ్యాహ్నం రెండు గంటలు దాటింది. హై అట్లాస్ పర్వతాలలో 2,260 మీటర్ల ఎత్తున ఉన్న తిజి న్ తిష్కా కనుమ మీదుగా, మలుపు మలుపుకూ కడుపులో తిప్పుతూ సాగిన ప్రయాణం అది. ఐత్ బెన్ హద్దూ అక్కడి నుండి ఇంకా సుమారు 9 కిలోమీటర్లు ఉంటుంది. మరాకేష్‌లో ఎక్కడ చూసినా ఈ ఊరికి ఒక్కరోజు యాత్రలు అమ్ముతారు. పొద్దున్నే బయలుదేరి, రానూపోనూ ఎనిమిది గంటలు వ్యానులో కూర్చుని, ఊళ్లో గంటో గంటన్నరో తిరిగి, చీకటి పడ్డాక వెనక్కి చేరుకోవడం వాటి పద్ధతి. నేను మాత్రం బస్సులో వెళ్లి, షేర్ టాక్సీలో ఒక సీటుకు డబ్బు కట్టి, ఆ ఊళ్లోనే ఒక రాత్రి ఉండాలని లెక్క వేసుకున్నాను. ఖర్చు తగ్గించుకోవడానికి వేసిన ఆ లెక్కే నాకు ఊరిని నిదానంగా చూసే వీలు కల్పించింది.

అక్కడ గ్రాండ్ టాక్సీ అని పిలిచే కార్లు ఆరుగురు నిండితే గాని కదలవు. ముప్పావుగంట ఎండలో నిలబడ్డాక ఖాళీ ఉన్న టాక్సీ ఒకటి ఆగింది. సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న కొద్దిసేపటికే, ఊనిలా నది అవతలి గట్టున గుట్టకు ఆనుకుని, నేల రంగులోనే పైకి లేచిన ఆ కోట ఊరు కనిపించింది. తెర మీద ఎన్నోసార్లు చూసిన దృశ్యమే అయినా గుండె ఒక్కసారి వేగంగా కొట్టుకుంది.

2000లో వచ్చిన గ్లాడియేటర్ చిత్రంలో కథానాయకుడు మాక్సిమస్ బానిసగా అమ్ముడుపోయి మొదటిసారి పోరాడే బరిని ఇక్కడే నిర్మించారు. లారెన్స్ ఆఫ్ అరేబియా నుండి గేమ్ ఆఫ్ థ్రోన్స్ వరకు ఎందరో ఈ గోడల ముందు కెమెరాలు నిలిపారు. నేను ఆ బరి కోసమే వెళ్లాను, కానీ అది ఇప్పుడు లేదు. అప్పట్లో దాన్ని స్థానిక పద్ధతిలోనే మట్టి ఇటుకలతో కట్టారట. అందుకే చిత్రంలో ఎంత వెతికినా ఏది సెట్టో, ఏది ఊరో తెలియదు. నది వైపున్న ఒక పెద్ద ద్వారం 1985 నాటి ది జ్యుయెల్ ఆఫ్ ది నైల్ చిత్రం కోసం కట్టినది. దాని ముందు ఫోటోలు దిగుతున్నవారిలో చాలామంది దాన్ని పాత కోట ద్వారమనే అనుకుంటున్నారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను.

ఊళ్లోకి వెళ్లడానికి రుసుము లేదు. ఒక ద్వారం దగ్గర ఒకతను ప్రవేశ రుసుము అడిగాడు గానీ, అతను అడిగింది తన ఇల్లు చూపించినందుకని తరువాత అర్థమైంది. వేరొక ఇంట్లో పది దిర్హాంలు ఇచ్చి లోపలికి వెళ్లాను. ఆ పది దిర్హాంలూ ఇవ్వదగినవేనని గట్టిగా చెబుతాను, ఎందుకంటే బయటి నుండి కోటలా కనిపించేది లోపల మనుషులు బతికిన ఇల్లు. చెక్క దూలాల మీద రెల్లు పరిచి, పైన మట్టి మెత్తిన కప్పు కింద, చిన్న కిటికీలోంచి పడే సన్నని వెలుగులో, బయట మండిపోతున్న ఎండ జ్ఞాపకానికి కూడా రాలేదు.

ఆ తరువాత నేను సినిమాను వదిలి గోడలను చూడటం మొదలుపెట్టాను. రెండు చెక్క పలకల మధ్య తడిమట్టి పోసి, దిమ్మిసతో గట్టిగా కొట్టి, పలకలను పైకి జరిపి మళ్లీ పోస్తూ వరుస మీద వరుసగా లేపిన గోడలవి. ఆ పలకలను మోసిన కర్రలు దూర్చిన రంధ్రాలు ఇప్పటికీ వరుసగా కనిపిస్తాయి. వాటిలో ఒకదానిలోకి ఒక చిన్న పిట్ట గడ్డిపరకతో దూరి వెళ్లింది. బురుజుల పై భాగంలో పచ్చి ఇటుకలను అటూ ఇటూ తిప్పి పేర్చి నగిషీలు తీర్చారు. 1987లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఇక్కడున్న కట్టడాలలో అత్యంత పాతవి కూడా 17వ శతాబ్దానికి ముందువి కాకపోవచ్చు, కానీ వాటిని కట్టిన పద్ధతి అంతకంటే ఎంతో పురాతనమైనది. సహారా అవతలి నుండి మరాకేష్ వైపు సాగిన ఒంటె బిడారులు ఈ దారినే నడిచాయి. ప్రాకారం బయట కళ్ళాలు, లోపల మసీదు, గుట్ట కొసన ధాన్యం దాచిన గాదె ఉన్నాయి. ఇది ముందు రైతుల ఊరు, వర్తకుల ఊరు. ఈ మాట ఒక్కరోజు యాత్రకు వచ్చిన వారికి ఎవరైనా చెబితే బాగుండునని నాకు బలంగా అనిపించింది.

పైకి ఎక్కే మెట్ల సందులో ఒక చిత్రకారుడు కుంకుమపువ్వు, తేనీరు కలిపిన నీళ్లలో కుంచె ముంచి కాగితం మీద ఏదో గీశాడు. లేత పసుపు గీతలు తప్ప ఏమీ కనిపించలేదు. కాగితాన్ని గ్యాస్ మంట మీద అటూ ఇటూ ఆడించగానే గీతలు మెల్లగా ముదిరి, గోధుమరంగు బురుజులై బయటపడ్డాయి. కొనడానికి డబ్బు మిగల్చుకోలేకపోయానన్న బాధ ఇప్పటికీ ఉంది.

సాయంత్రం నాలుగైదు గంటలు దాటేసరికి వ్యానులన్నీ వెళ్లిపోయాయి. ఊరివాళ్లలో చాలామంది నదికి ఇవతల కట్టుకున్న కొత్త ఊళ్లోనే ఉంటారు, కోటలో మిగిలినవి కొద్ది కుటుంబాలే. నా బస కూడా ఇవతలే కావడంతో, మేడ మీద పుదీనా తేనీరు తాగుతూ, పడమటి ఎండకు ఆ గోడలు ఎర్రబడి, తరువాత గులాబీ రంగుకు తిరిగి, చివరకు నేలలో కలిసిపోవడం చూశాను. ఆ తరువాత అవతల నాలుగైదు దీపాలు మాత్రమే మిగిలాయి.

మర్నాడు పొద్దున్న వంతెనకు దగ్గరలోని ఒక గోడ దగ్గర ఇద్దరు పని చేస్తున్నారు. ఒకతను మట్టిలో గడ్డి ముక్కలు కలిపి కాళ్లతో తొక్కుతుంటే, రెండవ అతను ముద్దలు తీసి, వానకు కోసుకుపోయిన చోట కొట్టి, అరచేత్తో సాపు చేస్తున్నాడు. ఇక్కడ వాన పడేది తక్కువే గానీ, పడిన ప్రతిసారీ మట్టిగోడను కొంత తీసుకుపోతుంది, దాన్ని మళ్లీ ఎవరో ఒకరు చేత్తో పూడ్చాలి. దగ్గరకు వెళ్లి చూస్తే, అంచులు అప్పుడే ఆరుతున్న ఆ పూతలో గడ్డిపరకలు ఎండకు మెరుస్తున్నాయి, ఐదు వేళ్ల జాడ స్పష్టంగా ఉంది. నా టాక్సీకి ఆరవ మనిషి దొరికేవరకు అక్కడే నిలబడి వాళ్ల పని చూశాను.