సంగమ్‌లో విల్లో కర్ర

శ్రీనగర్ నుంచి అనంతనాగ్ వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద వెళుతున్నప్పుడు, సంగమ్ సమీపిస్తుండగానే రోడ్డుకు రెండు పక్కలా చెక్కల దొంతరలు కనబడడం మొదలవుతుంది. గాలి ఆడేందుకు సందులు వదిలి, ఒక వరుస అడ్డంగా, ఒక వరుస నిలువుగా పేర్చిన ఆ దొంతరలు హాలముల్లా, బిజ్‌బెహారా దాకా మనతోనే వస్తాయి. అదంతా క్రికెట్ బ్యాట్ల కోసం ఎండుతున్న విల్లో చెట్టు కర్ర. బ్యాటు కొనాలన్న ఆలోచన నాకు లేకపోయినా, కర్రల మీద ఉన్న పాత ఆసక్తి కొద్దీ కారు ఆపించి ఒక కార్ఖానాలోకి వెళ్లాను.

యజమాని ముందుగా కొత్తగా కోసిన చీలికను (బ్యాటు చెక్కడానికి దుంగ నుంచి చీల్చిన ముక్కను) ఒకదాన్ని, బాగా ఎండినదాన్ని ఇంకొకదాన్ని నా చేతుల్లో పెట్టాడు. పచ్చి విల్లోలో నీరు ఎంత ఎక్కువగా ఉంటుందో ఆ బరువుల తేడా తెలిశాకగానీ నాకు నమ్మకం కుదరలేదు. పూర్తిగా ఎండిన విల్లో ఘనమీటరుకు సుమారు 400 కిలోలు తూగుతుంది. మన టేకు 650 కిలోలకు అటూఇటూగా ఉంటుంది. ఆ నీటిని తొందరపడి తీస్తే కర్ర పగుళ్లిస్తుంది కనుక చీలికల కొసలకు మైనం పూసి, నెలల తరబడి ఆరుబయట ఆరనిస్తారు.

ఎండిన చెక్క మీద గోరు నొక్కితే గుర్తు పడింది. కొండపల్లి బొమ్మలు చేసే పొణికి కర్ర గుర్తుకు వచ్చిందిగానీ, పోలిక అక్కడితో సరి. ఎందుకంటే విల్లో మెత్తనిదే అయినా దాని నార సాగుడు గుణం కలది, దెబ్బ తగిలినచోట సొట్ట పడుతుందే తప్ప సులువుగా పేళ్లుగా లేవదు. బ్యాటుకు కావలసింది సరిగ్గా ఆ గుణమే. దాన్ని ఇంకా పెంచడానికి బంతి తగిలే ముఖాన్ని రోలర్ల కింద నొక్కి పైపొర నారను గట్టిపరుస్తారు, లోపలి భాగాన్ని మాత్రం మెత్తగానే ఉండనిస్తారు. పిడి విల్లోతో చేయరు. బంతి అదురును మింగే పేము కర్రను బ్లేడులోకి ‘వి’ ఆకారపు కోతతో దిగవేసి జిగురుతో అతుకుతారు.

నాకు అన్నిటికన్నా వింతగా తోచింది చేవ, అంటే మాను నడిమి ముదురు కర్ర, సంగతి. మన వడ్రంగి ద్వారబంధానికి కర్ర ఎంచేటప్పుడు చేవ ఎంత ఉందో చూసి బేరమాడతాడు; ఇక్కడ గోధుమరంగు చేవ ఎక్కువగా కనబడితే చెక్క ధర తగ్గుతుంది, చుట్టూ ఉండే తెల్లటి భాగానికే గిరాకీ. ఇంగ్లండులో ఎసెక్స్, సఫోక్ ప్రాంతాల్లో పెంచే విల్లోతో పోలిస్తే కశ్మీరు కర్ర కాస్త బరువుగా, గోధుమ ఛాయతో ఉంటుంది. అంతర్జాతీయ ఆటగాళ్లలో ఎక్కువమంది ఇంగ్లిష్ విల్లోనే వాడతారు. మన ఊళ్లలో వారాంతపు ఆటకు మాత్రం అంత ఖర్చు పెట్టడం అనవసరమని నా అభిప్రాయం. అన్నట్టు, 1979లో ఆస్ట్రేలియా బౌలర్ డెనిస్ లిల్లీ పెర్త్ టెస్టులో అల్యూమినియం బ్యాటుతో దిగి గొడవ రేపిన తర్వాతనే, బ్లేడు చెక్కతోనే ఉండాలని ఆట నియమాల్లో రాశారు.

ఇళ్లకు, వాకిళ్లకు విల్లో పనికిరాదు. తేమ తగిలితే త్వరగా పుచ్చిపోతుంది. కానీ సన్నటి రెమ్మలనిచ్చే విల్లో రకాలు కశ్మీరులో ఇంటింటా కాంగ్డీల, అంటే చలి కాచుకునే కుంపటి బుట్టల, రూపంలో కనిపిస్తాయి. రెమ్మలను ఉడికించి, తోలు ఒలిచి, నానబెట్టి, నిప్పులు పోసే మట్టికుండ చుట్టూ బుట్టగా అల్లుతారు. చరారె షరీఫ్ అనే ఊరి కాంగ్డీలకు మంచి పేరు.

ప్రస్తుతం ఈ వ్యాపారానికి ఉన్న బెంగ చెట్ల కొరత. ముడి విల్లో బయటి రాష్ట్రాలకు పోకుండా 2000లో చట్టం చేసినా, ఆపిల్ పెట్టెలకు, ప్లైవుడ్‌కు పనికొచ్చి త్వరగా చేతికందే పాప్లర్ చెట్లను నాటడమే రైతుకు లాభం. నరికిన విల్లో స్థానంలో మళ్లీ విల్లో నాటేవాళ్లు తగ్గిపోయారని, వచ్చే పదేళ్లకు కర్ర ఎక్కడ దొరుకుతుందో తెలియడం లేదని ఆ యజమాని చెప్పాడు.