బిల్లు నంబరు 510510

నిన్న విజయవాడ బీసెంట్ రోడ్డులో పెళ్లి చీరలు కొని గుంటూరు బస్సెక్కాం. మేనకోడలి ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. అదే నా అదృష్టం. తోచక బిల్లు తీసి "మామయ్యా, నంబరు చూడు, 510510. భలే ఉంది" అంది.

దేనిదేనితో భాగించవచ్చో చెప్పమన్నాను. చివర సున్నా ఉంది కాబట్టి 2, 5. అంకెలన్నీ కూడితే 12, కాబట్టి 3. వారధి దాటేలోపే ఇక్కడిదాకా వచ్చేసి, 7 దగ్గర ఆగిపోయింది. 510 పక్కనే మళ్లీ 510 ఉందంటే, దాన్ని 1001తో గుణించినట్టే అన్నాను. 1001 అంటే 7, 11, 13ల లబ్ధం. 510లో ఇంకా మిగిలింది 17. అంటే మొదటి ఏడు ప్రధాన సంఖ్యలూ తలా ఒక్కసారి! ఏడింటితోనూ శేషం లేకుండా భాగించగల సంఖ్యల్లో ఇదే అతి చిన్నది.

మంగళగిరి దాటాక ఇంకొకటి గుర్తొచ్చింది. 714ని 715తో గుణించినా ఇదే వస్తుంది. బేస్‌బాల్‌లో బేబ్ రూత్ 714 హోమ్ రన్ల రికార్డును 1974లో హాంక్ ఆరన్ 715తో దాటాడు. (ఆ ఆట నేనెప్పుడూ చూడలేదు, పేర్లు లెక్కల వల్లే తెలుసు.) 714 ప్రధాన కారణాంకాలు 2, 3, 7, 17 కూడితే 29. 715వి 5, 11, 13. కూడితే అదే 29! ఇలాంటి పక్కపక్క సంఖ్యలను రూత్-ఆరన్ జంటలంటారు.

ఈ గోలలో చీరల సంచీ సీట్లోనే వదిలేసి దిగబోయాం. కండక్టర్ కేకేశాడు. అక్కకు మాత్రం చెప్పలేదు.