తక్కువ తిరిగిన బండి అంటే మంచి బండేనా? ఊళ్లో తిరగడానికి సెకండ్‌హ్యాండ్ కారు

రైతుబజారు, పిల్లల స్కూలు, రైల్వే స్టేషను. రోజు మొత్తం మీద ఐదారు కిలోమీటర్లు దాటని తిరుగుడు. ఇలాంటి వాడకానికి పాత చిన్న కారు చూసేవాళ్లు పాత కార్లు అమ్మిపెట్టే కన్సల్టెన్సీలో అడిగే మొదటి ప్రశ్న "ఎంత తిరిగింది?" అని. "ఎనిమిదేళ్ల బండి సార్, ఇరవై వేలే తిరిగింది, డాక్టరు గారిది" అనగానే సగం బేరం కుదిరిపోయినట్టే. నేనైతే ఆ జవాబు విన్నాకే ఇంకాస్త నిదానంగా చూడమంటాను.

పెట్రోలు కాలితే నీటి ఆవిరి పుడుతుంది. ఇంజన్, దాని ఆయిల్ బాగా వేడెక్కితేనే ఆ తేమ బయటికి పోతుంది. అందుకు పది, పదిహేను నిమిషాలు ఆగకుండా నడపాలి. రెండు కిలోమీటర్లు వెళ్లి ఆపేసే బండిలో తేమ, కాలని పెట్రోలు కలిసి ఆయిల్‌ను పలచన చేస్తాయి. సైలెన్సర్ లోపల నీళ్లు నిలిచి తుప్పు పడుతుంది. సెల్ఫ్ కొట్టడానికి ఖర్చయిన ఛార్జింగ్ తిరిగి ఎక్కేలోపే బండి ఆగిపోతుంది కాబట్టి బ్యాటరీ కూడా తొందరగా పోతుంది. పైగా తిరగలేదు కదా అని ఓనరు ఆయిల్ మార్చడం వాయిదా వేసి ఉంటాడు. అందుకే మీటరు కంటే సర్వీసు బిల్లుల మీది తేదీలు చూడండి. ఏడాదికొకటైనా ఆయిల్ మార్చిన బిల్లు ఉంటే, 60,000 తిరిగిన బండి కూడా 20,000 బండి కంటే మేలు.

ఆయిల్ పోసే మూత తిప్పి లోపలి వైపు చూడండి. మీగడలా తెల్లటి జిడ్డు కనిపిస్తే కొందరు మెకానిక్‌లు వెంటనే "హెడ్ గ్యాస్కెట్ పోయింది" అంటారు, అంటే ఇంజన్ పై భాగానికి, కింది భాగానికి మధ్య ఉండే సీలు పాడై కూలెంట్ నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నాయని. చలికాలంలో, దగ్గర దూరాలే తిరిగిన బండికి మూత మీద మాత్రమే పలచగా ఉంటే అది తేమే కావచ్చు. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) మీద కూడా ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉన్నా, కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గి జిడ్డు తేలుతున్నా ఆ బండి వదిలేయండి.

ఈ వాడకానికి డీజిల్ వద్దు. ఇంజన్ వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతుంది. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 డీజిల్ బండ్లలో పొగ మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలాలంటే హైవే మీద కాసేపు వేగంగా నడపాలి. ఊళ్లోనే తిప్పితే ఫిల్టరు పూడుకుపోతుంది.

టర్బో లేని మామూలు పెట్రోలు ఇంజన్, చేత్తో వేసే గేర్లు చాలు. మారుతిలో కె10 ఇంజన్ ఉన్న ఆల్టో, వ్యాగన్ఆర్, సెలెరియో నా మొదటి ఎంపిక. ఇంజన్ లోపల వాల్వులను నడిపేది టైమింగ్ చైన్, దాన్ని బెల్టులా కొన్నేళ్లకోసారి మార్చక్కర్లేదు, ఆయిల్ సుమారు మూడు లీటర్లు, స్పేర్లు ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతాయి. 796 సీసీ ఆల్టో కూడా మొండి బండే, కానీ అందులో ఉండేది టైమింగ్ బెల్టు. హ్యుందాయ్ ఐ10లో 1.2 లీటర్ల కప్పా ఇంజన్ అయితే చైన్, 1.1 లీటర్లది అయితే బెల్టు. బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు చూపించకపోతే ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోండి. తెగితే బండి అక్కడికక్కడే ఆగుతుంది, కొన్ని ఇంజన్లలో వాల్వులు కూడా వంగుతాయి. క్లచ్ పెడల్ లేని కారే కావాలంటే 1.2 ఐ10 ఆటోమేటిక్, హోండా బ్రియో ఆటోమేటిక్ వెతకండి. రెండూ టార్క్ కన్వర్టర్ రకం, అంటే క్లచ్ ప్లేట్ బదులు ఆయిల్ ద్వారా శక్తి అందించేవి. ఏఎంటీ అంటే మామూలు గేర్లనే మోటారుతో మార్చే రకం. అందులో ఉండేది మామూలు క్లచ్చే, ట్రాఫిక్‌లో పాకిస్తూ పోతే అరుగుతుంది. బడ్జెట్ అందితే 2019 జులై తర్వాత తయారైన బండి తీసుకోండి. అప్పటికి డ్రైవరు ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి అయ్యాయి.

చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి. బానెట్ మీద చెయ్యి వేస్తే చల్లగా ఉండాలి. ముందే స్టార్ట్ చేసి ఉంచిన బండి లోపాలు దాచుకుంటుంది. స్టార్ట్ చేయగానే నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. తెల్ల ఆవిరి నిమిషంలో ఆగిపోతే ఫరవాలేదు, వేడెక్కాక కూడా వస్తుంటే కూలెంట్ కాలుతోందని అనుమానించాలి. ఏసీ వేసి పావుగంట నిలబెట్టండి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగి ఆగుతుండాలి. క్లచ్‌కు ఒక్క పరీక్ష చాలు: ఖాళీ స్థలంలో హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేరు వేసి, కొంచెం రేజ్ ఇస్తూ క్లచ్ వదలండి. ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా గుర్రుమంటూ తిరిగితే క్లచ్ ప్లేట్ అయిపోయింది. మళ్లీ మళ్లీ చేయకండి, ఉన్నది కూడా కాలిపోతుంది.

టైర్ల పక్కన నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. గాట్లు నిండుగా ఉన్నా ఆరేళ్లు దాటితే రబ్బరు గట్టిపడి ఉంటుంది. తక్కువ తిరిగిన బండ్లలో ఎక్కువగా కనబడేది ఇదే.

నీట మునిగిన బండి విషయంలో మొహమాటం వద్దు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో బోలెడు కార్లు మునిగాయి. సీటు బెల్టును చివరి దాకా లాగండి. ఎప్పుడూ బయటికి రాని ఆఖరి జానెడు దగ్గర బురద మరక ఉంటే తెలిసిపోతుంది, బెల్టును అంతవరకు ఎవరూ కడగరు. తర్వాత సీటు కింది పట్టాల మీద తుప్పు, డిక్కీలో స్టెప్నీ కింద మట్టి చూడండి. సెంటు వాసన మరీ ఘుప్పుమంటే కార్పెట్ ఎత్తించండి.

ప్రభుత్వ రవాణా యాప్ ఎం-పరివాహన్‌లో నంబరు కొట్టి ఎన్నో ఓనరో, ఫైనాన్స్ ఉందో లేదో చూడండి. లోను తీరినా ఆర్‌సీలో బ్యాంకు పేరు ఉంటే బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఆ పేరు తీయించే ఫారం 35 అమ్మేవాళ్లే ఇవ్వాలి. ఏపీ బండిని తెలంగాణకు మార్చుకోవాలంటే ఆర్టీఏ ఎన్‌ఓసీతో పాటు మళ్లీ లైఫ్ ట్యాక్స్ పడుతుంది. చవగ్గా దొరికే ఢిల్లీ బండ్లదీ అదే లెక్క. పెండింగ్ చలాన్లు కట్టించాకే డబ్బు ఇవ్వండి. బండి పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29 రెండు ప్రతులు, ఫారం 30 మీద సంతకాలు తీసుకుని, తేదీ, టైము వేసిన డెలివరీ నోటు రాయించుకోండి. ఇన్సూరెన్స్‌ను 14 రోజుల్లో మీ పేరుకు మార్పించండి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పాత ఓనరుదే, మీకు రాదు, ఆ తేడా సొమ్ము కంపెనీకి మీరే కట్టాలి.